కూర్చోవడానికి వీలైన కవచం

కామిక్స్, సినిమాలు, గేముల అభిమానులు కలిసే జాతర కన్వెన్షన్. అక్కడ ఇష్టమైన పాత్ర వేషం వేసుకుని తిరగడమే కాస్‌ప్లే. కన్వెన్షన్‌లో నన్ను వెతకాలంటే ఊడిన వేషాలు బాగుచేసే రిపేర్ టేబుల్ దగ్గరికి రండి. గ్లూ గన్ను, నాలుగు రంగుల దారాలు, డబ్బా నిండా పిన్నీసులు ముందేసుకుని కూర్చుని ఉంటాను. గేటు తెరిచిన గంటకల్లా మొదటి మనిషి వస్తాడు, ఊడిన భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని. మిగతా రోజుల్లో నాది అకౌంట్స్ ఉద్యోగం. ఆ అలవాటు కొద్దీ ఏ కాస్ట్యూమ్ ఎక్కడ ఊడింది, ఎందుకు ఊడింది అని ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ఆరేళ్ల ఆ పుస్తకంలో "ఎందుకు" అన్న గడిలో పదే పదే కనిపించే మాట ఒకటే. కూర్చున్నాడు. కూర్చుంది. కూర్చోబోయింది.

ఫొటోకి నిలబడేది రెండు సెకన్లు. హాల్లో తిరిగేది ఎనిమిది గంటలు. మొదటిసారి కాస్‌ప్లే చేసేవాళ్లు ఆ రెండు సెకన్ల కోసమే చేస్తారు. నేనూ అంతే. నా మొదటి కవచంలో పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా గోడకి ఆనుకుని నిలబడ్డాను. చేతిలోంచి జారిన ఫోన్ తీసివ్వమని ఎవరి పిల్లాడినో బతిమాలుకున్నాను. అందుకని ఇక్కడ రాసేదంతా ఎనిమిది గంటల కోసం. కవచం గురించే ఎక్కువ రాసినా, కుట్టిన దుస్తులకి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు పాత్ర సంగతి

మీకు ఇష్టమైన పాత్రనే తీసుకోండి. ఎత్తు చాలదు, ఒళ్లు అలా లేదు అనే లెక్కలు వద్దు. రెండు నెలలు రాత్రిళ్లు ఆ బొమ్మలే చూస్తూ కూర్చోవాలి కాబట్టి, ఎవరో మెచ్చుకుంటారని ఎంచుకున్న వేషం మీద మూడో వారానికే విసుగొస్తుంది. ఒక్క షరతు మాత్రం పెడతాను. వీపుకి రెక్కలు, నేల మీద ఈడ్చే గౌను, ముఖం మొత్తం మూసే హెల్మెట్, ఈ మూడింట్లో మొదటిసారికి ఒకటి చాలు.

పాత్ర బొమ్మలు ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి సంపాదించండి. వీడియో గేముల్లోంచి తీసుకునే కవచంతో జాగ్రత్త. తెర మీద వీరుడు మోకాలు వంచితే తొడ మీది పలక పొట్టలోకి దూరిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. మన పొట్ట ఒప్పుకోదు. బొమ్మ గీసినవాళ్లకి కీళ్లు ఎక్కడున్నాయో గుర్తుందా లేదా అని చూసుకుంటూ, వాళ్లు మర్చిపోయిన చోట మనం కోత పెట్టుకోవాలి.

కొలతలు

టేపుతో కొలిచి కాగితం మీద గీస్తే గుండ్రటి ఒంటికి సరిపోదు. తేలికైన దారి ఇంకొకటి ఉంది. పాత బనియను వేసుకుని, దాని మీద గిన్నెలకి చుట్టే పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టించుకోండి. ఆ పైన మాస్కింగ్ టేపు ముక్కలు అంటించమనండి. ఇది ఒక్కరు చేసుకునే పని కాదు. నాకు మా అక్క చేసిపెడుతుంది. టేపు మీద మార్కరుతో కవచం గీతలన్నీ గీసి, రెండు భాగాలు కలిసే ప్రతిచోటా అడ్డంగా చిన్న గీతలు పెట్టాలి. తర్వాత అతికించేటప్పుడు ఏది దేనికి ఎదురో చెప్పేవి ఆ చిన్న గీతలే. ఆ తర్వాతే మొద్దు మొన ఉన్న కత్తెరతో వీపు వైపు నుంచి కోసి, ఒంటి మీంచి తీయండి.

టేపు చుట్టేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి బిగపట్టకండి. నేను బిగపట్టాను. నెల రోజులు కష్టపడి చేసిన ఛాతీ కవచం రెండు వేళ్ల మేర మూసుకోలేదు. లోపల వేసుకోబోయే చొక్కా మందం కూడా కలుపుకోండి.

కోసిన టేపు ముక్కల్ని కాగితం మీద పరిచి గీసుకున్నాక, నేరుగా ఫోమ్ మీదికి పోకూడదు. ముందు పాత అట్టపెట్టెలతో మొత్తం కవచం ఒకసారి చేసుకోండి. వికారంగానే ఉంటుంది, ఉండనీయండి. అది తొడుక్కుని కుర్చీలో కూర్చోండి. గడ్డం కింద, చంకల్లో, తొడల పైభాగంలో ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి కత్తిరించండి. ఛాతీ పలక బొడ్డు దాకా దిగిందంటే కూర్చోవడం కుదరదు. పక్కటెముకలు అయిపోయిన చోటే దాన్ని ఆపేసి, పొట్ట మీదికి విడిగా మూడు అడ్డ పట్టీలు చేసి, ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా లోపలి నుంచి ఎలాస్టిక్‌తో కలపండి. వంగితే అవి ఒకదాని కిందికి ఒకటి జరుగుతాయి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఫోమ్, జిగురు

మొదటిసారికి ఈవీఏ ఫోమ్ మంచిది. చెప్పుల అడుగుల్లోనూ, జిమ్ముల్లో నేల మీద పరిచే పలకల్లోనూ ఉండేది అదే. ఛాతీకి, భుజాలకి 10 మిల్లీమీటర్ల మందం, చేతులకి కాళ్లకి 5 లేదా 6, పైన అతికించే నగిషీలకి 2 తీసుకోండి. బ్లేడు కొత్తది కావాలి. ఫోమ్ బ్లేడుని ఊరికే మొద్దుబార్చేస్తుంది, మొద్దుబారిన బ్లేడు అంచుని చింపుతుంది. ఒకే ఊపులో కోసేద్దామనుకోకుండా ఒకే గీత మీద రెండు మూడుసార్లు లాగండి.

వంపు తేవడానికి హీట్ గన్ కావాలి. వేడి గాలి తగిలేసరికి ఫోమ్ పైన ఉన్న సన్నటి రంధ్రాలు మూసుకుని కాస్త నిగనిగలాడుతుంది, రంగు కూడా తక్కువ పీల్చుకుంటుంది. అప్పుడు ఏదైనా డబ్బా చుట్టూ వంచి, చల్లారేదాకా పట్టుకోండి. తొడ మీద పెట్టుకుని వంచకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న అనుభవంతో చెబుతున్నాను, తొడకి ఆకులు కూడా చాలవు.

ఇక జిగురు. నా రెండో కాస్ట్యూమ్ మొత్తం గ్లూ గన్నుతో అతికించాను. ఎంత తొందరగా అయిపోయిందో అని మురిసిపోయాను కూడా. కన్వెన్షన్ రోజు ఎండలో ఆపిన కారు వెనక సీట్లో దాన్ని పెట్టి, రిజిస్ట్రేషన్ వరుసలో నిలబడి తిరిగొచ్చి తలుపు తీస్తే, పదిహేడు ముక్కలు. ఒక్కటీ విరగలేదు, నీటుగా ఎక్కడికక్కడ విడిపోయాయి. గ్లూ గన్నులో వేసేది వేడికి కరిగే ప్లాస్టిక్కే కదా, మళ్లీ వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. ఆ మాత్రం ఆలోచన నాకు ముందురోజు రాత్రి రాలేదు. గ్లూ గన్ను చిన్న నగిషీలకి, అత్యవసర రిపేరుకి. కవచం బరువు మోసే అతుకులకి కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురు వాడండి.

దాని పద్ధతి మామూలు జిగురుకి తలకిందులు. అతికించాల్సిన రెండు అంచులకీ పల్చగా రాయాలి. రాసి వదిలేయాలి. డబ్బా మీద రాసినంతసేపు, మామూలుగా 10 నుంచి 15 నిమిషాలు ఆగితే, వేలితో తాకినా వేలికి అంటుకోని స్థితికి వస్తుంది. అప్పుడు ఆ రెండు అంచుల్నీ కలిపి నొక్కండి. తడిగా ఉండగా కలిపితే పట్టదు. ఆరాక కలిపితే మాత్రం వెంటనే పట్టేస్తుంది, సర్దుకోవడానికి రెండో అవకాశం ఇవ్వదు. ఇందాక పెట్టుకున్న అడ్డగీతలు ఇక్కడ ఆదుకుంటాయి. ముందు రెండు కొసలు కలిపి, తర్వాత మధ్య గీత, తర్వాత మిగతాది.

ఈ జిగురు వాసన మంచిది కాదు. అది ద్రావకం ఆవిరి, తల తిప్పుతుంది, నిప్పు అంటుకుంటుంది కూడా. ఆరుబయటో, కిటికీలన్నీ తెరిచో పని చేయండి. జిగురు ఆరుతుండగా అదే గదిలో హీట్ గన్ పెట్టకండి. గుడ్డ మాస్కూ, దుమ్ము మాస్కూ ఆ ఆవిరిని ఆపలేవు. రసాయన ఆవిరిని పీల్చుకునే ఫిల్టర్లున్న మాస్కు వేరే దొరుకుతుంది, అది కొనుక్కోండి. శాండ్ పేపర్‌తో అంచులు రుద్దేటప్పుడు లేచే పొడికైతే ఎన్-95 సరిపోతుంది. ఇంకొక మాట. సూపర్ గ్లూ నూలు గుడ్డ మీద పడితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, చర్మం కాలేంత. కాటన్ గ్లవ్స్ వేసుకుని సూపర్ గ్లూ వాడే జాగ్రత్తపరుల్ని నేను రిపేర్ టేబుల్ దగ్గర చూశాను.

పట్టీలు

అందరూ ఆఖరి రాత్రి ఆదరాబాదరాగా చేసే పని ఇదే. నా నోటుబుక్కులో కూర్చోవడం తర్వాత రెండో స్థానం దీనిదే. వెనక అంటు ఉన్న వెల్క్రోని నేరుగా ఫోమ్‌కి అంటిస్తే చెమటకి మధ్యాహ్నానికల్లా ఊడుతుంది. వెల్క్రోని ముందు వెడల్పాటి నాడాకి కుట్టి, ఆ నాడాని కాంటాక్ట్ సిమెంట్‌తో అతికించండి. తొడ కవచాన్ని ఎంత బిగించినా జారుతుంది, ఎందుకంటే తొడ కిందికి పోనుపోను సన్నబడుతుంది. బిగించడం మానేసి లోపలి బెల్టు నుంచి వేలాడదీయండి. భుజాల బరువుని కూడా కొంత నడుము మీదికి మళ్లిస్తే సాయంత్రానికి మెడ మిగులుతుంది.

బకిళ్లు మీ చేతికి అందే చోటే ఉండాలి. ఎవరి సాయం లేకుండా నడుము కింది భాగం మొత్తం రెండు నిమిషాల్లో విప్పుకోగలగాలి. ఎందుకో చెప్పనక్కర్లేదు అనుకుంటాను. బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేసి, కవచంలో చెమటలు కక్కుతూ కళ్లు తిరిగి పడిపోయిన అమ్మాయికి నేను విసనకర్రతో విసిరాను.

రంగుల గురించి పొడవుగా చెప్పను. వంగితే పగలని రబ్బరులాంటి పూత ముందు, తర్వాత యాక్రిలిక్ రంగు, ఆఖరికి దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచుల మీద వెండి రంగు. పూతకీ పూతకీ మధ్య ఆరనివ్వండి. థర్మాకోల్‌తో ఏదైనా చేస్తే దాని మీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి, చూస్తుండగానే కరిగి గుంటలు పడుతుంది.

విగ్గుని వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి దువ్వాలి, కుదుళ్ల నుంచి కిందికి కాదు. మామూలు సింథటిక్ విగ్గుకి హెయిర్ స్ట్రెయిటనర్ తగిలితే కరిగిపోతుంది, వేడి తట్టుకునే రకమా కాదా చూసి కొనండి. రంగు కాంటాక్ట్ లెన్సులు కావాలంటే కంటి డాక్టర్ చేత కొలతలు తీయించుకోండి. ఇంకొకరివి పెట్టుకోకండి, కుళాయి నీళ్లతో కడగకండి. ఫొటోలో కంటి రంగు కనిపించేది ఎంత, దానికోసం పడే టెన్షన్ ఎంత! నేనైతే మానేశాను.

ఇంట్లో ఒక గంట

కన్వెన్షన్‌కి కనీసం వారం ముందు, మొత్తం వేషం బూట్లతో సహా వేసుకుని ఇంట్లో ఒక గంట గడపండి. అద్దం ముందు కాదు. కుర్చీలో కూర్చోండి, సీసాలో నీళ్లు తాగండి, మెట్లు ఎక్కి దిగండి, తలుపులోంచి పక్కకి తిరగకుండా పట్టగలరో చూడండి, కింద పడ్డ పెన్ను తీయండి, బాత్రూముకి వెళ్లి రండి. ఆ గంటలో ఊడేది ఇంట్లోనే ఊడుతుంది, పోనీలే అనిపిస్తుంది. నేను ఆ గంటలో ఆఫీసు పద్దులు చూసుకుంటాను.

ఒకసారి అలా కవచంలో కూర్చుని లాప్‌టాప్ కొడుతుంటే మా అమ్మ వచ్చి, "ఏమే, జీతం పెంచలేదని వాళ్ల మీదికి యుద్ధానికి పోతున్నావా?" అంది. నవ్వాక, ఈ కొత్త పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది. కొత్తది కాదమ్మా అన్నాను. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి వరల్డ్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్తు కాలపు దుస్తులు వేసుకుని వెళ్లారు. కాస్‌ప్లే అన్న మాటని 1980ల్లో జపాన్‌లో నోబుయుకి తకహాషి వాడుకలోకి తెచ్చాడు గానీ, పని అంతకు ముందు నుంచీ ఉన్నదే. ఆ రెండు జతల దుస్తులూ కుట్టింది డగ్లసే, పేరు మాత్రం చాలాకాలం ఆకర్‌మన్‌కే ఎక్కువ వచ్చింది. ఈ ఆఖరి ముక్క విన్నాక మా అమ్మ, "అది మాత్రం కొత్త కాదులే" అని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

ఆ రోజు

ఆయుధం ఉన్న వేషమైతే కన్వెన్షన్ నియమాల్లో ఆయుధాల భాగం పూర్తిగా చదవండి, ఆయుధం చేయకముందే. లోహపు అంచు, నిజం తుపాకీలా కనిపించే బొమ్మ దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. గేటు దగ్గర తనిఖీ చేసి, చాలాచోట్ల ఒరలోంచి తీయకుండా రంగు జిప్ టై కట్టి పంపిస్తారు. దారిలో మాత్రం దాన్ని సంచిలో పెట్టి, పైకి కనిపించకుండా తీసుకెళ్లండి. హాల్లో అది కత్తి బొమ్మ అని అందరికీ తెలుసు, బస్టాపులో తెలియదు. కొన్ని కన్వెన్షన్లు ఇంటి నుంచే వేషం వేసుకుని రావడాన్ని ఒప్పుకోవు. 1975లో మొదలైన టోక్యో కామిక్స్ సంత కామికెట్‌లో అక్కడికి వచ్చాకే వేషం మార్చుకోవాలి.

సంచిలో పిన్నీసులు, సూది దారం, రెండు వైపులా అంటుకునే టేపు, గుడ్డ టేపు, జిప్ టైలు, చిన్న కత్తెర, బ్యాండ్ ఎయిడ్‌లు, వేషం రంగుకి దగ్గరగా ఉండే మార్కరు, పవర్ బ్యాంక్ వేసుకోండి. గీత పడ్డ నల్ల కవచాన్ని మార్కరు అరనిమిషంలో బాగుచేస్తుంది. ఇంటికి తిరిగెళ్లడానికి మెత్తటి చెప్పులు కూడా. వీటిని మోయడానికి ఒక స్నేహితుడో స్నేహితురాలో కావాలి. హెల్మెట్ ఉంటే తప్పనిసరి, ఎందుకంటే అందులోంచి మీకు కాళ్ల దగ్గరున్న చిన్నపిల్లలు కనిపించరు. ఆ మనిషికి రోజంతా మీ వెంటే తిప్పించుకునే శిక్ష వేయకండి. తనకి నచ్చిన కార్యక్రమం ఒకటి ముందే అడిగి, ఆ గంట మీరు వేషం విప్పేసి తోడెళ్లండి.

అభిమానుల్లో ఒక పాత లెక్క ఉంది, రోజుకి 6-2-1. ఆరు గంటల నిద్ర, రెండు పూటల తిండి, ఒక స్నానం. ఇందులో స్నానాన్ని కూడా రాయాల్సొచ్చిందంటే మన జాతి సంగతి మీకు అర్థమై ఉంటుంది.

కార్యక్రమాల పట్టికలో రోజుకి రెండు ఎంచుకుంటే చాలు. పెద్ద హాలు కార్యక్రమానికి వరుసలోనే గంట పోతుంది, కవచంలో ఆ గంట రెండు గంటలు. మిగిలిన సమయం చిత్రకారులు తమ బొమ్మలు అమ్ముకునే బల్లల వైపు గడపండి. అక్కడ రెండు పద్ధతులు పాటిస్తే వాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. బొమ్మల్ని ఫొటో తీసేముందు అడగండి. కొనే ఉద్దేశం లేకుండా బల్లకి ఎదురుగా నిలబడి ఫొటోలకి పోజులివ్వకండి, వాళ్ల బేరం మీ రెక్కల వెనక ఆగిపోతుంది. బొమ్మలు కొంటే చుట్టి పెట్టుకోవడానికి అట్ట గొట్టం ముందే తెచ్చుకోండి.

ఫొటో అడిగినవాళ్లకి ఒప్పుకోవాలన్న రూలేమీ లేదు. "ఇప్పుడు కాదండీ" అంటే చాలు. మీరు ఇంకొకరిని అడిగేటప్పుడూ అంతే. ముట్టుకోకుండా, దారికి అడ్డం రాకుండా, పక్కకి జరిగి తీసుకోండి. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ "కాస్‌ప్లే అంటే అనుమతి కాదు" అన్న బోర్డులు హాలంతా పెట్టింది. ఆ తర్వాత చాలాచోట్ల అలాంటి నియమాలు కనిపిస్తున్నాయి. ఎవరైనా హద్దు మీరితే గొడవ పెట్టుకుంటూ నిలబడకుండా, దగ్గరలో ఉన్న వాలంటీరుకి చెప్పండి. వాలంటీరు ఎవరూ కనిపించకపోతే రిపేర్ టేబుల్‌కి రండి. గ్లూ గన్ను వేడిగానే ఉంటుంది.

ఇంటికొచ్చాక

ఒళ్లు హూనమై ఉంటుంది, అన్నీ సంచిలోనే వదిలేసి పడుకోవాలనిపిస్తుంది. ఒక్క పావుగంట ఓపిక పట్టండి. కవచం లోపలివైపు తడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేలా విడివిడిగా పెట్టండి. చెమటతో మూసిపెడితే మర్నాడు ఆ పెట్టె మూత ఎవరూ తీయలేరు. పూర్తిగా ఆరాక, ఎండ పడని చోట, పైన ఏ బరువూ లేకుండా సర్దండి. ఫోమ్ మీద నెలల తరబడి బరువు పడితే ఆ గుంట అలాగే ఉండిపోతుంది. నా భుజం పలక మీద ఒక పాత డిక్షనరీ ఆకారం ఇప్పటికీ ఉంది. విగ్గుని చల్లటి నీళ్లలో కాస్త షాంపూతో ఉతికి, పిండకుండా తువ్వాలులో అద్ది, రాత్రంతా ఆరనివ్వండి. ఎక్కడెక్కడ ఊడిందో ఒక చీటీ మీద రాసి పెట్టెలోనే పడేయండి, వచ్చేసారి మూత తీయగానే అదే ముందు కనిపించేలా.